పాతబడిన వర్చువల్ ఫైల్ సర్వర్‌ను మార్చడం: లెక్క తీయడం మొదలు పాత మెషీన్‌ను తొలగించేదాకా

వర్చువల్ మెషీన్‌గా, అంటే భౌతిక కంప్యూటర్ మీద సాఫ్ట్‌వేర్ సృష్టించిన కంప్యూటర్‌గా నడిచే ఫైల్ సర్వర్‌కు (సంస్థలో అందరూ పంచుకునే ఫైళ్లు ఉండే సర్వర్‌కు) వయసు మీద పడిన సంగతి పైకి కనిపించదు. కింద ఉన్న భౌతిక హోస్టును (దాన్ని నడిపే అసలు కంప్యూటర్‌ను) ఈలోగా రెండుసార్లు మార్చి ఉండవచ్చు, స్టోరేజీని కొత్తగా కొని ఉండవచ్చు; మెషీన్ మాత్రం ఒక హోస్టు నుంచి మరొక హోస్టుకు జరుగుతూ, పదేళ్ల నాటి ఆపరేటింగ్ సిస్టమ్‌తోనూ, అప్పటి వర్చువల్ హార్డ్‌వేర్‌తోనూ, ఎవరు ఎందుకు ఇచ్చారో ఎవరికీ గుర్తులేని అనుమతులతోనూ సాగిపోతూ ఉంటుంది. దాన్ని మార్చడంలో కష్టమంతా డేటాను కాపీ చేయడంలోనే ఉందని చాలామంది భావిస్తారు. కాపీకి గంటలు, ఒక్కోసారి రోజులు పట్టే మాట నిజమే గాని, అది దారి తెలిసిన పని. అసలు చిక్కు ఆ సర్వర్ పేరుతో వస్తుంది. ఏళ్ల తరబడి ఆ పేరు డ్రైవ్ మ్యాపింగుల్లోకి, ఎక్సెల్ లింకుల్లోకి, స్కానర్ల చిరునామా పట్టికల్లోకి, రాత్రిపూట నడిచే స్క్రిప్టుల్లోకి చేరిపోయి ఉంటుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో కాపీ కంటే ముందు జరగవలసిన పనులకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. యాక్టివ్ డైరెక్టరీ డొమైన్‌లో (సంస్థ ఖాతాలను, కంప్యూటర్లను ఒకేచోట నిర్వహించే విండోస్ వ్యవస్థలో) ఉన్న విండోస్ ఫైల్ సర్వర్, వీఎంవేర్ మీద గాని హైపర్-వి మీద గాని నడుస్తున్నదని అనుకుని రాస్తున్నాను.

మొదటి దశ: కారణాన్నీ గడువునూ రాసుకోవడం

"పాతబడింది" అన్న మాట ఒక్కటే ప్రణాళికకు చాలదు. ఏది పాతబడిందో విడదీసి చూడాలి, ఎందుకంటే ఆపరేటింగ్ సిస్టమ్, హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్), స్టోరేజీ ఈ మూడింటి గడువులూ వేర్వేరు. విండోస్ సర్వర్ 2012, 2012 ఆర్2 లకు మామూలు భద్రతా సవరణలు 2023 అక్టోబర్ 10తో ఆగిపోయాయి. డబ్బు చెల్లించి తీసుకునే పొడిగింపు కూడా 2026 అక్టోబర్ 13తో ముగుస్తుంది. 2016 వెర్షన్‌కు 2027 జనవరి 12, 2019కి 2029 జనవరి 9, 2022కు 2031 అక్టోబర్ 14 చివరి తేదీలు. హైపర్‌వైజర్ వైపు చూస్తే వీఎంవేర్ వారి ఈఎస్ఎక్స్ఐ 6.5, 6.7 వెర్షన్లకు సాధారణ మద్దతు 2022 అక్టోబర్ 15తో, 7.0కు 2025 అక్టోబర్ 2తో ముగిసింది. 2023 నవంబర్‌లో వీఎంవేర్ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లిన తరువాత శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది కనుక, హైపర్‌వైజర్‌నే మార్చాలని ఆలోచిస్తున్న సంస్థలు ఆ నిర్ణయం తేలిన తరువాతే ఫైల్ సర్వర్ పని మొదలుపెట్టడం మంచిది. లేకపోతే ఒకే డేటాను ఏడాదిలో రెండుసార్లు తరలించవలసి వస్తుంది.

పాత సర్వర్ ఏయే పరిమితులకు తగులుతున్నదో కూడా ఇక్కడే నమోదు చేయాలి. హైపర్-వి వాడే పాత రకం వర్చువల్ డిస్క్ అయిన వీహెచ్‌డీ ఫైలు 2,040 గిగాబైట్లకు మించి పెరగదు. 2013లో వచ్చిన ఈఎస్ఎక్స్ఐ 5.5కు ముందు వీఎంవేర్ వర్చువల్ డిస్క్ అయిన వీఎండీకే ఫైలుకు కూడా 2 టెరాబైట్లే హద్దు. ఆ రోజుల్లో కట్టిన సర్వర్లలో నాలుగైదు వర్చువల్ డిస్కులను డైనమిక్ డిస్కులుగా కలిపి ఒకే వాల్యూమ్‌గా వాడటం తరచుగా కనిపిస్తుంది. అందులో ఒక్క డిస్క్ ఫైలు దెబ్బతిన్నా మొత్తం వాల్యూమ్ పోతుంది. మీ సర్వర్ అలా ఉంటే ఆ సంగతి నివేదికలో మొదటి పంక్తిలో ఉండాలి.

రెండవ దశ: ఉన్నదంతా లెక్క తీయడం

ఈ దశకు కనీసం ఒక నెల కేటాయించమని నా సలహా. నెల అనడానికి కారణం ఉంది: నెలకు ఒక్కసారి మాత్రమే నడిచే పనులు నెల గమనిస్తే తప్ప బయటపడవు. సంవత్సరాంతపు లెక్కల వంటివి అప్పటికీ దొరకవు కాబట్టి ఆయా విభాగాల వారిని నేరుగా అడగాలి.

ముందుగా సర్వర్ చేస్తున్న పనుల జాబితా తయారు చేయాలి. పేరుకు ఫైల్ సర్వర్ అయినా అదే మెషీన్ ప్రింట్ సర్వర్‌గా, యాంటీవైరస్ కన్సోల్‌గా, ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌కు లైసెన్స్ సర్వర్‌గా, కొన్ని చోట్ల డొమైన్ కంట్రోలర్‌గా (డొమైన్ ఖాతాలను సరిచూసే సర్వర్‌గా) కూడా పనిచేస్తూ ఉంటుంది. ఇలా కలిసిపోయిన పనులను ఫైళ్ల తరలింపుకు ముందే వేరే మెషీన్లకు పంపాలి. ముఖ్యంగా డొమైన్ కంట్రోలర్ పాత్రను కొత్త ఫైల్ సర్వర్ మీదికి మళ్లీ తీసుకురావద్దు. డొమైన్ కంట్రోలర్‌లో స్థానిక యూజర్లు, స్థానిక గ్రూపులు అనేవి విడిగా ఉండవు. దాని నిర్వహణ అధికారం ఇవ్వడమంటే డొమైన్ అధికారం ఇచ్చినట్లే అవుతుంది.

తరువాత షేర్లు, అంటే నెట్‌వర్క్ ద్వారా ఇతరులకు తెరిచిన ఫోల్డర్లు. ప్రతి షేరుకూ పేరు, దాని వెనుక ఉన్న ఫోల్డర్ దారి, షేర్ స్థాయి అనుమతులు, ఆఫ్‌లైన్ ఫైళ్ల అమరిక, అనుమతి లేని ఫోల్డర్లను దాచిపెట్టే అమరిక ఉన్నదీ లేనిదీ రాసుకోవాలి. షేర్ నిర్వచనాలు ఫైళ్లతోపాటు డిస్కు మీద ఉండవు, విండోస్ అమరికలు దాచే రిజిస్ట్రీలోని ల్యాన్‌మ్యాన్‌సర్వర్ సర్వీసు కింద 'షేర్స్' కీలో ఉంటాయి. ఫైళ్లను ఎంత జాగ్రత్తగా కాపీ చేసినా ఇవి వెంట రావు. ఆ కీని ఎగుమతి చేసి భద్రపరచడం అయిదు నిమిషాల పని. కోటాలు, ఫైల్ రకాల నిషేధాలు కూడా ఇలాగే విడిగా తీసుకోవలసినవే.

ఎన్‌టీఎఫ్ఎస్ అనుమతుల్లో, అంటే డిస్కు మీది ఫైళ్లకూ ఫోల్డర్లకూ నేరుగా ఇచ్చిన అనుమతుల్లో, వెతకవలసినవి రెండు. మొదటిది, సర్వర్ స్థానిక గ్రూపులకు ఇచ్చిన అనుమతులు. డొమైన్ గ్రూపులకు ఇచ్చినవి కొత్త సర్వర్‌లో అలాగే పనిచేస్తాయి. స్థానిక గ్రూపులకు ఇచ్చినవి అక్కడ గుర్తుతెలియని పొడవాటి సంఖ్యలుగా మిగిలిపోతాయి. వాటిని పాత సర్వర్‌లో ఉండగానే డొమైన్ గ్రూపులకు మార్చాలి. రెండవది, నిర్వాహకుణ్ణి సైతం రానివ్వని ఫోల్డర్లు. వీటి జాబితా ముందే ఉంటే కాపీ చేసే రాత్రి "యాక్సెస్ నిరాకరించబడింది" అనే సందేశాలను చూసి కంగారు పడనక్కరలేదు.

260 అక్షరాలకు మించిన దారులను, ఏళ్లుగా ఎవరూ తెరవని ఫోల్డర్లను గుర్తించాలి. పాతవన్నీ తీసేయాలన్న ఉత్సాహం ఈ సమయంలోనే పుడుతుంది. శుభ్రపరిచే పనిని తరలింపుతో కలపవద్దని గట్టిగా చెబుతాను. రెండూ ఒకేసారి జరిగితే, ఒక ఫైలు కనిపించనప్పుడు అది తరలింపులో పోయిందా, శుభ్రపరచడంలో పోయిందా అన్నది తేల్చలేము. తొలగించదగినవి ఉంటే తరలింపుకు నెల ముందే, యజమానుల రాతపూర్వక అంగీకారంతో ఆర్కైవ్‌కు పంపాలి.

ఇక ఈ సర్వర్‌ను ఎవరు వాడుతున్నారన్న ప్రశ్న. విండోస్ ఆదేశాలు ఇచ్చే పవర్‌షెల్‌లో గెట్-ఎస్ఎంబీసెషన్ ఆదేశం ప్రస్తుతం కలిసి ఉన్న కంప్యూటర్ల చిరునామాలను, అవి మాట్లాడుతున్న ఎస్ఎంబీ (విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ప్రోటోకాల్) వెర్షన్‌ను చూపుతుంది. దాన్ని ప్రతి పావుగంటకు నడిపి ఫలితాన్ని ఒక ఫైలులో చేరుస్తూ పోతే నెల చివరికి పూర్తి చిత్రం వస్తుంది. ఆ జాబితాలో వెర్షన్ 1.0 అని, లేదా 1.5 అని కనిపించే ప్రతి చిరునామా దగ్గరికి వెళ్లి అక్కడేముందో చూడాలి. అది సాధారణంగా స్కాన్ చేసిన కాగితాలను నేరుగా ఫోల్డర్‌లోకి పంపే పాత మల్టీఫంక్షన్ ప్రింటర్ గాని, ఏదైనా యంత్రాన్ని నడిపే పాత కంప్యూటర్ గాని అవుతుంది. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వ్యాపించింది ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపం ద్వారానే. దాన్ని కొత్త సర్వర్ మీద తిరిగి తెరవడానికి ఏ ప్రింటరూ తగిన కారణం కాదు. ప్రింటర్‌కు ఫర్మ్‌వేర్ సవరణ దొరకకపోతే స్కాన్‌ను ఈమెయిల్‌కు పంపే ఏర్పాటు చేయాలి.

మూడవ దశ: ఏ దారిన వెళ్లాలో తేల్చుకోవడం

దారులు నాలుగు. ఉన్న మెషీన్ మీదే కొత్త విండోస్ వేయడం మొదటిది. విండోస్ సర్వర్ 2025 అయితే 2012 ఆర్2 నుంచి నేరుగా అప్‌గ్రేడ్ కావడానికి వీలిస్తుంది, పేరు మారదు, షేర్లు మారవు. చిన్న కార్యాలయానికి ఇది సరిపోవచ్చు. కానీ పాత డిస్క్ అమరిక, పాత వర్చువల్ హార్డ్‌వేర్, ఏళ్లుగా పేరుకున్న డ్రైవర్లు అన్నీ వెంటే వస్తాయి; హైపర్-వి లో మొదటి తరం మెషీన్ మొదటి తరంగానే ఉండిపోతుంది.

రెండవది, కొత్త వర్చువల్ మెషీన్‌ను సున్నా నుంచి కట్టి డేటాను తరలించడం. చాలా సందర్భాల్లో నేను సూచించేది ఇదే, తరువాతి దశలన్నీ దీన్ని అనుసరించే ఉంటాయి. పాత సర్వర్ చివరి క్షణం వరకూ చెక్కుచెదరకుండా ఉండటం దీనిలోని పెద్ద లాభం. డేటా అంతా విడి వర్చువల్ డిస్కులో ఉంటే ఆ డిస్కునే పాత మెషీన్ నుంచి తీసి కొత్తదానికి తగిలించవచ్చు కదా అన్న ప్రశ్న వస్తుంది. అది నిమిషాల్లో పూర్తయ్యే మాట నిజమే, అనుమతులు కూడా నిలుస్తాయి. అయితే ఆ డిస్కు పరిమితులూ దానితోపాటే వస్తాయి; పైగా రెండు ప్రతులు ఉండవు కనుక వెనక్కి మళ్లే దారి బలహీనపడుతుంది. కాపీకి అవసరమైన అదనపు స్టోరేజీ లేనప్పుడు మాత్రమే దీన్ని ఎంచుకోవాలి.

మూడవది నాస్ పరికరం (నెట్‌వర్క్‌కు తగిలించే నిల్వ పెట్టె) లేదా లినక్స్ మీద సాంబా (విండోస్ షేర్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్). లైసెన్స్ భారం తగ్గుతుంది, జెడ్ఎఫ్ఎస్ వంటి ఫైల్ సిస్టమ్ డేటా నిలకడను బాగా కాపాడుతుంది. కానీ విండోస్ అనుమతుల అనువాదం, కోటాలు, పాత ప్రతుల పునరుద్ధరణ ప్రతి పరికరంలోనూ కాస్త తేడాగా ఉంటాయి. విండోస్ 11 లోని 24హెచ్2 విడుదల నుంచి ఎస్ఎంబీ సంతకం (సందేశం మధ్యలో మారలేదని నిర్ధారించే గుర్తు) డిఫాల్ట్‌గా తప్పనిసరి అయింది కాబట్టి, సంతకాన్ని సమర్థించని పాత నాస్‌ను ఈ పనికి తిరిగి వాడాలనుకోవద్దు. నాలుగవది క్లౌడ్. ఆఫీసు పత్రాలకు అది బాగానే ఉంటుంది. పెద్ద డ్రాయింగులు, వీడియోలు, ఒకదానికొకటి లింకులతో ముడిపడిన స్ప్రెడ్‌షీట్లు ఉన్న విభాగానికి ఇంటర్నెట్ వేగమే హద్దు అవుతుంది.

నాల్గవ దశ: పేరును మెషీన్ నుంచి విడదీయడం

ఈ మార్గదర్శిలో ఒక్క దశకే సమయం ఉంటే ఇది చేయమంటాను. డొమైన్ ఆధారిత డీఎఫ్ఎస్ నేమ్‌స్పేస్‌ను (అసలు సర్వర్ల ముందు నిలిచే ఉమ్మడి దారుల పేర్ల పట్టికను) పాత సర్వర్ బతికి ఉండగానే ఏర్పరచాలి. అప్పుడు యూజర్ చూసే దారిలో డొమైన్ పేరు, నేమ్‌స్పేస్ పేరు, విభాగం పేరు ఉంటాయి. వెనుక ఉన్న సర్వర్ పేరు ఎక్కడా కనిపించదు. మొదట ఆ దారులన్నిటి లక్ష్యం పాత సర్వరే అవుతుంది. గ్రూప్ పాలసీలోని (డొమైన్ కంప్యూటర్లకు కేంద్రం నుంచి ఇచ్చే అమరికల్లోని) డ్రైవ్ మ్యాపింగులను, లాగాన్ స్క్రిప్టులను, ప్రింటర్ల చిరునామాలను, అప్లికేషన్ల అమరికలను ఒక్కొక్కటిగా కొత్త దారికి మార్చుతూ రావాలి. డేటా ఇంకా కదలలేదు కనుక ఏదైనా తేడా వస్తే అది దారి మార్పు వల్లే వచ్చిందని వెంటనే తెలుస్తుంది. రెండు మూడు వారాల తరువాత కూడా పాత పేరుతోనే నేరుగా వస్తున్నవారెవరో గమనిస్తే, ఇక మిగిలినవి చాలా వరకు ఎక్సెల్, వర్డ్ ఫైళ్ల లోపల దాగిన లింకులు, వ్యక్తిగత షార్ట్‌కట్లు అని తేలుతుంది.

ఆ మిగిలినవాటి కోసం పాత పేరును కొత్త సర్వర్‌కు మారుపేరుగా ఇవ్వవలసి వస్తుంది. చాలామంది ఇక్కడ డీఎన్ఎస్‌లో (కంప్యూటర్ పేర్లను చిరునామాలుగా మార్చే సేవలో) ఒక సీనేమ్ రికార్డు, అంటే మారుపేరు నమోదు, పెట్టి ఊరుకుంటారు. అలా చేస్తే ఆ పేరుకు తగిన సర్వీస్ ప్రిన్సిపల్ నేమ్ (సర్వర్ సేవను డొమైన్‌లో గుర్తించే పేరు) కొత్త సర్వర్ ఖాతాలో ఉండదు కాబట్టి కెర్బరోస్ అనే ధ్రువీకరణ పద్ధతి పనిచేయక సంభాషణ పాత పద్ధతి అయిన ఎన్‌టీఎల్ఎంకు పడిపోతుంది. ఎన్‌టీఎల్ఎం నిషేధించిన చోట ప్రవేశమే దొరకదు. పాత మెషీన్‌కు ముందుగా వేరే పేరు పెట్టి, ఆపై నెట్‌డామ్ ఆదేశంలోని 'కంప్యూటర్‌నేమ్' భాగంతో పాత పేరును కొత్త సర్వర్‌కు అదనపు పేరుగా చేర్చితే ప్రిన్సిపల్ పేర్లు కూడా సరిగా నమోదవుతాయి.

అయిదవ దశ: కొత్త మెషీన్‌ను తీర్చిదిద్దడం

ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక డిస్కు, డేటాకు వేరే డిస్కులు ఉండాలి. డేటా మొత్తాన్ని ఒకే మహా వాల్యూమ్‌లో పోయడం కన్నా విభాగాల వారీగా మూడు నాలుగు వాల్యూమ్‌లు చేయడం మేలు; ఒకదాని పునరుద్ధరణ మరొకదాన్ని ఆపదు. డిస్కు విభజనకు జీపీటీ పద్ధతి వాడాలి. 4 కిలోబైట్ల క్లస్టర్‌తో (డిస్కు మీద ఫైలుకు కేటాయించే కనీస ముక్కతో) ఎన్‌టీఎఫ్ఎస్ వాల్యూమ్ 16 టెరాబైట్లకు మించదు, కాబట్టి ఆ దరిదాపులకు పెరిగే అవకాశం ఉంటే ఫార్మాట్ చేసేటప్పుడే పెద్ద క్లస్టర్ ఎంచుకోవాలి. వీఎంవేర్‌లో పారావర్చువల్ డిస్క్ కంట్రోలర్, వీఎంఎక్స్‌నెట్3 నెట్‌వర్క్ కార్డు. హైపర్-వి లో రెండవ తరం మెషీన్, వీహెచ్‌డీఎక్స్ డిస్కులు. థిన్ ప్రొవిజనింగ్ (డిస్కుకు చోటును అవసరమైనప్పుడే కేటాయించే పద్ధతి) వాడితే డేటాస్టోర్ (వర్చువల్ డిస్కులు ఉండే స్టోరేజీ) నిండుదల మీద హెచ్చరిక తప్పనిసరి, ఎందుకంటే డేటాస్టోర్ నిండితే దాని మీది మెషీన్లు ఆగిపోతాయి.

పరిమాణం లెక్కించేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. పాత సర్వర్‌లో డేటా డీడూప్లికేషన్ (ఒకేలా ఉన్న డేటాను ఒక్కసారే దాచే పద్ధతి) నడుస్తుంటే వాల్యూమ్‌లో వాడినట్లు కనిపించే చోటు, ఫైళ్ల అసలు పరిమాణం కన్నా చాలా తక్కువగా ఉంటుంది. కాపీలో ఫైళ్లు పూర్తి పరిమాణంలోనే వెళ్తాయి. 6 టెరాబైట్లు వాడుతున్న వాల్యూమ్ కొత్త చోట 10 టెరాబైట్లు అడగవచ్చు; ముందే చూసుకోవాలి.

ఆరవ దశ: బ్యాకప్‌ను నిజంగా పరీక్షించడం

హైపర్‌వైజర్ స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. అది అసలు డిస్కు మీద ఆధారపడిన తేడాల ఫైలు మాత్రమే. వీఎంవేర్ సైతం ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని చెబుతుంది. తరలింపుకు ముందు పాత సర్వర్ పూర్తి బ్యాకప్ తీసి, ఒక మెషీన్‌ను వేరుచేసిన నెట్‌వర్క్‌లో పునరుద్ధరించి, ఫైళ్లు తెరిచి, అనుమతులు చూసి, ఎంత సమయం పట్టిందో రాసుకోవాలి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్న సూత్రానికి ఇప్పుడు మరొకటి చేర్చాలి: ఒక ప్రతి అయినా నిర్వాహకుడు సైతం గడువులోగా చెరపలేనిదై ఉండాలి. రాన్సమ్‌వేర్ దాడి చేసేవారు ముందుగా వెతికేది బ్యాకప్‌నే. హైపర్‌వైజర్, బ్యాకప్ నిర్వహణ ఖాతాలు డొమైన్ ఖాతాలు కాకుండా విడిగా ఉండాలనడానికి కూడా ఇదే కారణం.

ఏడవ దశ: డేటాను ముందుగానే తరలించి ఉంచడం

విండోస్ సర్వర్ 2019తో వచ్చిన స్టోరేజ్ మైగ్రేషన్ సర్వీస్ ఈ పనిని లెక్క తీయడం, తరలించడం, పేరు చిరునామాలు మార్చడం అనే మూడు భాగాలుగా చేస్తుంది. షేర్లను, స్థానిక గ్రూపులను కూడా తీసుకువెళ్తుంది. దానితో పని సాగితే మంచిదే. విండోస్‌లోని కాపీ ఆదేశమైన రోబోకాపీతో చేసేవారు ఈ కింది సంగతులు గుర్తుంచుకోవాలి.

రోబోకాపీ ఏదైనా ఫైలు దగ్గర విఫలమైతే డిఫాల్ట్‌గా 10 లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. అంటే తెరిచి ఉంచిన ఒక్క ఫైలు వద్ద రాత్రంతా ఆగిపోగలదు. ప్రయత్నాల సంఖ్యను, మధ్య విరామాన్ని నిర్ణయించే 'ఆర్', 'డబ్ల్యూ' స్విచ్‌లను ఒకటికి తగ్గించాలి. 'కాపీఆల్' స్విచ్ అనుమతులను, యజమానిని, ఆడిట్ వివరాలను తెస్తుంది. 'బీ' స్విచ్ బ్యాకప్ హక్కుతో నిర్వాహకుణ్ణి రానివ్వని ఫోల్డర్లను కూడా చదువుతుంది. 'డీకాపీ' తో ఫోల్డర్ల తేదీలు నిలుస్తాయి. 'ఎంఐఆర్' స్విచ్ గమ్యాన్ని మూలానికి అచ్చంగా సమానం చేస్తుంది, అంటే మూలంలో లేనిదాన్ని గమ్యంలో చెరిపేస్తుంది. మూలం, గమ్యం తారుమారు చేసి ఈ స్విచ్ నడిపితే ఖాళీ కొత్త ఫోల్డర్ పాత డేటాను తుడిచిపెడుతుంది. కాబట్టి మొదటిసారి తప్పకుండా 'ఎల్' స్విచ్‌తో, అంటే ఏమీ మార్చకుండా జాబితా మాత్రమే ఇచ్చేలా నడిపి, లాగ్ చదివిన తరువాతే అసలు ఆదేశం ఇవ్వాలి. మరొక సంగతి: మొదటి కాపీ తరువాత ఒక ఫైలు అనుమతులు మాత్రమే మారితే, తరువాతి విడత దాన్ని మారని ఫైలుగా భావించి వదిలేస్తుంది. చివరి వారంలో అనుమతుల మార్పులు ఆపాలి, లేదా 'సెక్‌ఫిక్స్' స్విచ్‌తో ఒక విడత నడపాలి.

సమయం అంచనా ఇలా వేయాలి. 1 గిగాబిట్ నెట్‌వర్క్ మీద పెద్ద ఫైళ్లకు సెకనుకు సుమారు 110 మెగాబైట్లు వస్తాయి. ఆ లెక్కన 8 టెరాబైట్లకు 20 గంటలు. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే ఈ వేగంలో కొద్ది భాగమే వస్తుంది కనుక, ఒక నిజమైన ఫోల్డర్‌తో కొలిచి అంచనా వేయాలి. మొదటి విడతను రెండు వారాల ముందు పూర్తిచేసి, ఆపై ప్రతి రాత్రీ తేడాలు మాత్రమే కాపీ చేస్తూ ఉంటే చివరి రోజుకు మిగిలేది కొన్ని నిమిషాల పని. 'మునుపటి వెర్షన్లు' (విండోస్ దాచి ఉంచే ఫైళ్ల పాత ప్రతులు) ఈ కాపీతో రావు. పాత ప్రతులు కావలసినవారికి పాత సర్వర్ బ్యాకప్పే ఆధారమని ముందే తెలియజేయాలి.

ఎనిమిదవ దశ: మార్పిడి రోజు

విభాగాల వారీగా, తక్కువ ప్రమాదం ఉన్నదానితో మొదలుపెట్టి మార్చడం ఉత్తమం. డీఎఫ్ఎస్ ఉంటే అది సులభం. ఎంచుకున్న సమయానికి పాత సర్వర్‌లో షేర్ స్థాయి అనుమతిని చదవడానికి మాత్రమే అని మార్చాలి. ఎన్‌టీఎఫ్ఎస్ అనుమతులను తాకకూడదు, తాకితే ఆ మార్పు కూడా చివరి విడతలో కొత్త సర్వర్‌కు చేరుతుంది. తెరిచి ఉన్న ఫైళ్లను గెట్-ఎస్ఎంబీఓపెన్‌ఫైల్‌తో చూసి, వాటిని వాడుతున్నవారికి చెప్పి మూయించాలి. చివరి విడత నడిపి, రోబోకాపీ ముగింపు సంఖ్య 8 కన్నా తక్కువ ఉన్నదో లేదో చూడాలి. 8 గాని, అంతకు మించి గాని ఉంటే ఏదో ఫైలు రాలేదని అర్థం. రెండు వైపులా ఫైళ్ల సంఖ్యను, మొత్తం పరిమాణాన్ని పోల్చి, ఆపై డీఎఫ్ఎస్ లక్ష్యాన్ని మార్చాలి. ఫోల్డర్ రెఫరల్‌ను (ఏ సర్వర్‌కు వెళ్లాలో డీఎఫ్ఎస్ చెప్పే సమాధానాన్ని) యూజర్ల కంప్యూటర్లు డిఫాల్ట్‌గా 1,800 సెకన్లు గుర్తుంచుకుంటాయి కనుక, దాన్ని ముందు రోజే తగ్గించి ఉంచితే అరగంట అయోమయం తప్పుతుంది.

పరీక్ష నిర్వాహకుడి ఖాతాతో చేయకూడదు. ఆ ఖాతాకు అన్నీ తెరుచుకుంటాయి. ప్రతి విభాగం నుంచి ఒక సాధారణ యూజర్ వచ్చి తన ఫైలు తెరవాలి, మార్చి భద్రపరచాలి, తనకు అనుమతి లేని ఫోల్డర్ తెరుచుకోవడం లేదని కూడా చూడాలి. స్కానర్ నుంచి ఒక కాగితం పంపి చూడాలి.

వెనక్కి మళ్లే నిర్ణయానికి ఒక గడియను ముందే రాసిపెట్టుకోవాలి. యూజర్లు కొత్త సర్వర్‌లో రాయడం మొదలుపెట్టిన తరువాత గడిచే ప్రతి గంటా వెనక్కి వెళ్లడాన్ని మరింత కష్టం చేస్తుంది. మొదటి పనిదినం మధ్యాహ్నాన్ని హద్దుగా పెట్టుకోవడం నా పద్ధతి: ఆలోపు పెద్ద లోపం బయటపడితే అప్పటివరకు మారిన ఫైళ్లను విడిగా తీసి పాతదానికి మళ్లుతాము, ఆ తరువాత అయితే ఏ లోపాన్నైనా కొత్త సర్వర్ మీదే సరిచేస్తాము.

తొమ్మిదవ దశ: పాత సర్వర్‌ను విరమింపజేయడం

మొదటి వారం పాత మెషీన్‌ను చదవడానికి మాత్రమే అన్న స్థితిలో నడవనివ్వాలి, సెషన్ల లాగ్ చూస్తూ ఉండాలి. ఇంకా అక్కడికి వస్తున్న ప్రతి చిరునామా మనం వదిలేసిన ఒక దారి. రెండవ వారం దాని నెట్‌వర్క్ కార్డును తప్పించి, మెషీన్‌ను ఆపకుండా ఉంచాలి. ఎవరైనా పిలిస్తే ఒక్క క్లిక్కుతో తిరిగి కలపవచ్చు. ఒక నెలాంతపు పనులు సజావుగా గడిచిన తరువాత దాన్ని ఆపి, చివరి పూర్తి బ్యాకప్‌ను మీ సంస్థ రికార్డులను భద్రపరచవలసిన కాలం వరకు నిలిచేలా గుర్తు పెట్టాలి. ఆ బ్యాకప్ తెరుచుకుంటున్నదని మరొకసారి చూసుకున్నాక డొమైన్‌లోని కంప్యూటర్ ఖాతాను, డీఎన్ఎస్ రికార్డులను, మానిటరింగ్ జాబితాలోని పేరును, బ్యాకప్ షెడ్యూలును, దాని కోసం తెరిచిన ఫైర్‌వాల్ నియమాలను వరుసగా తీసివేయాలి. వర్చువల్ డిస్క్ ఫైళ్లను డేటాస్టోర్ నుంచి చెరిపే ముందు అవి మరే మెషీన్‌కూ తగిలించి లేవని నిర్ధారించుకుని, చెరిపిన తేదీని, చెరిపినవారి పేరును రెండవ దశలో తయారుచేసిన జాబితాలోనే చివరి పంక్తిగా నమోదు చేయాలి.